లాం ఫారానికి ఎనిమిదో తరగతి కూడా వెళ్ళాలి

పదో తరగతి వాళ్ళం లాం ఫారం చూసి వచ్చిన దగ్గర నుంచి మన హాస్టల్లో రెండు మాటలు నడుస్తున్నాయి. ఒకటి, పబ్లిక్ పరీక్షలు నెత్తి మీద పెట్టుకొని కార్తీక వనభోజనాలు చేసి వచ్చారు అని. రెండోది, పత్తి చేను చూడటానికి బస్సు కట్టించుకొని గుంటూరు దాటి పోవాలా, మా ఇంటి వెనకాల లేదా అని.

మొదటి మాటకు జవాబు తేలిక. పులిహోర పొట్లాలు తిన్నమాట నిజమే. తిన్నది అరగంట, చేలల్లో తిరిగింది మూడు గంటలు. మన జీవశాస్త్రంలో అనువంశికత పాఠం ఉంది. అందులో మెండెల్ బఠానీ మొక్కలు, పొడుగు, పొట్టి, పసుపు, ఆకుపచ్చ అన్నీ ఉన్నాయి. మనలో ఒక్కరు కూడా బఠానీ చెట్టును కళ్ళతో చూసి ఎరగరు. పత్తి చెట్టును చూడని వాళ్ళు కూడా ఒక్కరు లేరు. కనుక ఆ పాఠం పత్తి దగ్గర నిలబడి వింటే ఎక్కుతుంది. పరీక్షకు కూడా పనికొస్తుంది. ఇక ఆ మాట వదిలేద్దాం.

రెండో మాట అన్నది మా పల్నాడు వైపు తండా పిల్ల. ఆ మాట ఊరికే కొట్టిపారేసేది కాదు. మనలో సగం మందిమి పత్తి చేలో పెరిగిన వాళ్ళమే. బోరెం మీద పడి నిద్రపోయిన వాళ్ళం, అమ్మ వెంట తీతకు పోయి ఎండిన కాయ అంచులు గుచ్చుకొని వేళ్ళు చీరుకున్న వాళ్ళం. తక్కిన సగం మంది, అంటే ఈ డెల్టా వైపు యానాది కాలనీల నుంచి వచ్చిన చెల్లెళ్ళు, వరి చేలల్లో పెరిగారు గాని పత్తి తీత రోజుల్లో వాళ్ళ ఇళ్ళ నుంచీ కూలికి పోతారు. ఇట్లాంటి మనకు పత్తి గురించి కొత్తగా ఎవరో ఏం చెప్పాలి?

దీని మీద నా అభిప్రాయం రాయమని గోడపత్రిక చూసే నా స్నేహితురాలు మూడు చార్టులు ఇచ్చింది. నాకు చాలకపోతే ఇంకోటి అడుగుతాను. ముందు అసలు సంగతి చెప్పి తరువాత కారణాలు చెప్తాను. వచ్చే ఏడాది నుంచి లాం ఫారానికి పదో తరగతి ఒక్కటే కాదు, ఎనిమిదో తరగతి తప్పకుండా వెళ్ళాలి. ఇద్దరిలో ఒకరికే బస్సులో చోటు ఉందంటే, మమ్మల్ని ఆపి ఎనిమిదో తరగతినే పంపాలి.

చూడని వాళ్ళ కోసం నాలుగు మాటలు. మన పొన్నూరు నుంచి గుంటూరు సుమారు 30 కిలోమీటర్లు. గుంటూరు దాటి అమరావతి రోడ్డులో పోతే లాం వస్తుంది. పరిశోధనా స్థానం అక్కడ చాలా కాలంగా ఉంది. ఆంధ్రప్రదేశ్ విడిపోయిన తరువాత వ్యవసాయ విశ్వవిద్యాలయం ముఖ్య కార్యాలయం కూడా అక్కడికే వచ్చింది. ఆ విశ్వవిద్యాలయం 1964లో పెట్టారు, 1996లో దానికి ఆచార్య ఎన్.జి. రంగా గారి పేరు పెట్టారు. రంగా గారు 1900లో పుట్టింది ఎక్కడో కాదు, మన నిడుబ్రోలులో. సెలవులకు ఇంటికి పోయేటప్పుడు మనం రైలెక్కే స్టేషను బోర్డు మీద ఉండే పేరు అదే. ఆయన 1930లలో ఆ ఊళ్ళోనే రైతుల కోసం ఒక విద్యాలయం నడిపారు. ఈ సంగతి నాకు లాంలో తెలిసింది. ఇన్నేళ్ళు పక్కనే ఉండి తెలుసుకోలేదు.

లాంలో తయారైన పత్తి రకాలు మన తాతల నోట విన్నవే. ఎల్-389, ఎల్-603, ఎల్-604 అని. నేను ఇవేవో మందుల నంబర్లు అనుకునేదాన్ని. ఎల్ అంటే లాం. కాంచన అనే రకం కూడా అక్కడిదే. దాని వెనక ఒక కథ ఉంది. 1984 నుంచి 1987 వరకు గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో తెల్లదోమ విరుచుకుపడింది. ఒకే రకం ఘాటు మందులు మళ్ళీ మళ్ళీ కొట్టడం వల్ల దోమను తినే మంచి పురుగులు చచ్చి దోమ ఇంకా పెరిగింది. ఆకు మీద బంక, బంక మీద నల్ల బూజు, దూది కూడా నల్లబడిపోయేది. 1987-88లో మన ఈ రెండు జిల్లాల్లో పత్తి రైతులు ప్రాణాలు తీసుకున్నారు. మా తాత ఆ ఏడాది గురించి ఎప్పుడు అడిగినా "నల్ల పత్తి ఏడు" అని ఒక్క మాట అని ఊరుకుంటాడు. ఆ తెల్లదోమను తట్టుకొనే గుణం కోసం వెతికి వెతికి తీసిన రకాల్లో కాంచన ఒకటి.

తట్టుకొనే గుణం అంటే ఏమిటో అక్కడ ఆకు పట్టుకొని చూస్తేనే తెలిసింది. పత్తి ఆకు వెనక వేలితో రాస్తే కొన్ని చెట్లకు గరుకుగా నూగు తగులుతుంది, కొన్నిటికి నున్నగా ఉంటుంది. నూగు ఉంటే పచ్చదోమ ఆ ఆకు మీద సరిగా నిలవలేదు, గుడ్డు పెట్టలేదు. అయితే నూగు ఎక్కువ ఉండే చెట్టే అని నేను అనుకున్నాను. కాదు. తెల్లదోమకు ఆ నూగే ఇష్టం. ఒకదాన్ని ఆపబోతే ఇంకొకటి వచ్చి కూర్చుంటుంది. కొత్త రకం తీసేవాళ్ళ పని ఇట్లా ఉంటుందట. దూది బాగుంటే దోమ, దోమ ఆగితే పింజ పొట్టి, పింజ పొడుగైతే పంట ఆలస్యం. ఒక చెట్టులో ఒక గుణం, ఇంకో చెట్టులో ఇంకో గుణం, రెండూ ఒక్క చెట్టులోకి తేవాలి. ఆ తేవడానికి చేసే పనే క్రాసింగ్.

క్రాసింగ్ అనగానే మనలో కొందరు తల వంచుకుంటారు. ఎందుకో అందరికీ తెలుసు. ఎవరూ మాట్లాడరు. నేను రాస్తాను.

ఆ రోజు చేలో మాకు చూపిస్తున్న మేడం గారు ఒక మొగ్గ తీసుకొని, రేపు విచ్చుకోబోయే మొగ్గ ఎట్లా గుర్తుపట్టాలో చెప్పారు. పత్తి పువ్వులో ఆడ భాగం, మగ భాగం రెండూ ఉంటాయి. మధ్యలో కీలం, దాని చుట్టూ గొట్టంలాగా కేసరాలు. వేరే చెట్టు పుప్పొడి వేయాలంటే ముందు దీని సొంత కేసరాలు తీసేయాలి. మొగ్గ అడుగున బొటనవేలి గోరుతో చుట్టూ గాటు పెట్టి, ఆకర్షణ పత్రాలను, కేసరాల గొట్టాన్ని కలిపి టోపీ తీసినట్టు తీసేయాలి. లోపలి కీలానికి, అండాశయానికి దెబ్బ తగలకూడదు. దీన్ని డోక్ పద్ధతి అంటారు. సాయంత్రం పూట ఈ పని, మరునాడు పొద్దున మగ చెట్టు పువ్వు తెచ్చి పుప్పొడి రాయటం. మేడం గారు చేసి చూపించి, "ఎవరైనా ప్రయత్నిస్తారా?" అన్నారు. మా క్లాసు అమ్మాయి ఒకతె ముందుకు వచ్చింది. మేడం గారు ఒకటి తీసేలోపు ఇది నాలుగు తీసింది. ఒక్క కీలం కూడా విరగలేదు. "ఎక్కడ నేర్చుకున్నావమ్మా?" అని అడిగారు. "పనికి పోయి" అంది. అంతే, ఇంకేం చెప్పలేదు.

వాళ్ళ అమ్మానాన్న కర్నూలు వైపు ఒక విత్తనాల చేనుకు వలస పోయినప్పుడు ఈ అమ్మాయి రెండు సీజన్లు మొగ్గలు గిల్లింది. అప్పుడు ఎనిమిదో తరగతి చదవాల్సిన వయసు. తరువాత మన బడిలో చేరింది కనుక మాకన్నా రెండేళ్ళు పెద్దది. ఆ చేను ఎవరిదో, ఏ కంపెనీదో నాకు తెలియదు, తెలిసినా రాయను. ఇది ఒక చేను సంగతి కాదు. 1990ల నుంచీ కర్నూలు, మహబూబ్‌నగర్ వైపు హైబ్రిడ్ పత్తి విత్తనాల చేలల్లో పనిచేసిన పిల్లల్లో ఎక్కువమంది ఆడపిల్లలే. చిన్న వేళ్ళు, చెట్టు ఎత్తు, తక్కువ కూలి, ఎదురు మాట్లాడరు. కారణాలు వెతకనక్కరలేదు.

అసలు ఈ హైబ్రిడ్ పత్తి కథ చాలా గొప్పది, చెప్పుకోవాలి. ప్రపంచంలో మొట్టమొదట సంకర పత్తిని చేలల్లో వేసి పండించింది మన దేశమే. 1970లో సూరత్ పరిశోధనా స్థానంలో డాక్టర్ సి.టి. పటేల్ గారు హెచ్-4 అనే హైబ్రిడ్ విడుదల చేశారు. 1972లో ధార్వాడలో కటార్కి గారు వరలక్ష్మి తీశారు. అది అమెరికా పత్తికి, ఈజిప్టు జాతి పత్తికి పుట్టిన బిడ్డ. మన గుంటూరు నల్లరేగళ్ళలో వరలక్ష్మి ఎట్లా పండిందో ముసలివాళ్ళు ఇప్పటికీ చెప్తారు. చాలా దేశాల వాళ్ళు సంకర పత్తిని ఎందుకు వేయలేకపోయారు? తెలివి లేక కాదు. ప్రతి పువ్వునూ చేత్తో గిల్లి, చేత్తో పుప్పొడి రాసే మనుషులు అంత తక్కువ కూలికి వాళ్ళకు దొరకలేదు. మనకు దొరికారు.

ఒక లెక్క వేయండి. చాలా ఏళ్ళు హైబ్రిడ్ పత్తి ప్యాకెట్టు 450 గ్రాములు వచ్చేది. నూరు గింజలు 9 గ్రాములు తూగుతాయి అనుకుంటే ఒక ప్యాకెట్టులో 5,000 గింజలు. ఒక కాయలో 25 గింజలు అనుకుంటే 200 కాయలు. అంటే ఎవరో 200 మొగ్గలను సాయంత్రం ఒలిచి, 200 పువ్వులకు పొద్దున పుప్పొడి రాస్తే ఒక ప్యాకెట్టు. ఇవి నిలబడిన కాయలే, రాలిపోయినవి లెక్కలో లేవు. మన నాన్నలు ఎకరానికి ఎన్ని ప్యాకెట్లు కొంటారో మీకు తెలుసు, మిగతా గుణకారం మీరే చేసుకోండి. లెక్కల సారు ఈ గోడపత్రిక చదువుతారు కనుక తప్పుంటే చెప్తారు.

ఇంత చేసిన ఆ అమ్మాయికి ఆ రోజు ఒక విషయం తెలియదు. మేడం గారు ఆమె గిల్లిన మొగ్గకు కట్టమని చిన్న అట్టముక్క ఇచ్చి వివరాలు రాయమన్నారు. తేదీ, తల్లి, తండ్రి. ఆమె పెన్ను పట్టుకొని మా వంక చూసింది. రెండు సీజన్లలో వేల మొగ్గలు గిల్లింది గాని, ఏ చెట్టును ఏ చెట్టుతో కలుపుతున్నదో ఒక్కనాడు ఎవరూ చెప్పలేదు. ఆడ చెట్లు ఈ వరస, మగ చెట్లు ఆ వరస అంతే. పేర్లు చెప్పకపోవటం కూడా ఒక పద్ధతేనట, తల్లిదండ్రుల పేర్లు బయటికి పొక్కితే ఆ విత్తనం ఇంకెవరైనా చేసుకుంటారు కదా. ప్రభుత్వ స్థానాల్లో అట్లా కాదు. హెచ్-4కు తల్లి గుజరాత్ 67, తండ్రి అమెరికన్ నెక్టరీలెస్. వరలక్ష్మికి తల్లి లక్ష్మి, తండ్రి ఎస్‌బి 289ఇ. అందరికీ తెలుసు, పుస్తకాల్లో రాసి ఉంటుంది.

ఇంకో ముచ్చట. క్రాసింగ్ రాసేటప్పుడు ఎప్పుడూ తల్లి పేరే ముందు రాయాలట. ప్రపంచమంతా అదే పద్ధతి. మన అడ్మిషన్ రిజిస్టరులో ఎవరి పేరు ముందు ఉంటుందో చూసుకొని మేం నవ్వుకున్నాం.

ఇప్పుడు ఎనిమిదో తరగతి సంగతికి వస్తాను. మొదటి కారణం చెప్పేశాను. దసరా సెలవులు వచ్చేది మొగ్గలు గిల్లే రోజుల్లోనే. సెలవులకు పోయి తిరిగి రాని పిల్లలు ఏ తరగతి వాళ్ళో హాజరుపట్టీ తిరగేసి చూడండి. పదో తరగతి దాకా వచ్చిన వాళ్ళం ఎట్లాగో గట్టెక్కుతాం. ఏడు, ఎనిమిది తరగతుల దగ్గరే జారిపోతారు. పద్నాలుగేళ్ళ లోపు పిల్లల్ని పనిలో పెట్టుకోకూడదని 2016లో చట్టం సవరించారు. వార్డెన్ మేడం గారు ఇళ్ళకు ఫోన్లు చేస్తారు, తండాలకు కూడా వెళ్ళి వస్తారు, అది మేం చూస్తూనే ఉన్నాం. కాని పిల్లకు తనంతట తనకు తిరిగి రావాలనిపించే ఒక్క పని మన బడిలో ఆమె పేరు మీద ఉంటే ఆ ఫోను సగం తగ్గుతుంది.

రెండో కారణం శాస్త్రంలోదే. మెండెల్ చేసిన పనికి మూడు పంటలు పడతాయి. మొదటి ఏడాది రెండు రకాలను కలపాలి. రెండో ఏడాది ఆ గింజలు వేస్తే వచ్చేది మొదటి తరం. మూడో ఏడాది మొదటి తరం చెట్ల గింజలు వేస్తే వచ్చేది రెండో తరం, అసలు తమాషా అందులోనే ఉంది. పదో తరగతిలో క్రాసింగ్ చేసిన పిల్ల మొదటి తరం కూడా చూడకుండా బడి వదిలిపోతుంది. ఎనిమిదిలో చేస్తే తొమ్మిదిలో మొదటి తరం, పదిలో రెండో తరం తన కళ్ళతో చూసి, లెక్కపెట్టి, పరీక్ష రాసి పోతుంది. అందుకే బస్సులో మా సీటు ఇచ్చేస్తాం అంటున్నాను.

ఏం లెక్కపెట్టాలో కూడా చెప్తాను. పత్తిలో బెండాకు పత్తి అని ఒకటి ఉంది. దాని ఆకు మామూలు పత్తి ఆకులాగా వెడల్పుగా ఉండదు, బెండ ఆకులాగా సన్నగా లోతుగా చీలి ఉంటుంది. బెండాకు పత్తిని మామూలు ఆకు పత్తితో కలిపితే మొదటి తరం చెట్లన్నిటికీ ఆకు అటూ ఇటూ కాక మధ్యరకంగా వస్తుంది. వాటి గింజలు వేస్తే రెండో తరంలో మూడు రకాలూ వస్తాయి. నాలుగింట ఒక వంతు బెండాకు, రెండు వంతులు మధ్యరకం, ఒక వంతు మామూలు ఆకు. నలభై చెట్లు వేస్తే పది, ఇరవై, పది రావాలి. అచ్చంగా రావు, తొమ్మిదో పన్నెండో వస్తాయి, దాని మీద వాదించుకోవచ్చు. కాయ కోసే దాకా ఆగే పని కూడా లేదు, మొక్క మోకాలెత్తు పెరిగితే ఆకు చూసి చెప్పొచ్చు. హైబ్రిడ్ గింజ దాచి మళ్ళీ వేస్తే చేను ఎందుకు ఒక్కతీరుగా రాదో, ప్రతి ఏడూ మన నాన్నలు ఎందుకు ప్యాకెట్టు కొనాల్సి వస్తుందో ఆ నలభై చెట్లే చెప్తాయి.

ఈ శాస్త్రం మన ఇళ్ళకు చేరకపోతే ఏమవుతుందో మనమే చూశాం. 2002 మార్చి 26న మన దేశంలో బీటీ పత్తికి అనుమతి ఇచ్చారు. నేలలో ఉండే ఒక సూక్ష్మజీవి జన్యువును పత్తిలో పెట్టారు, ఆ ఆకూ కాయా తిన్న పురుగు చస్తుంది. మొదట్లో ప్యాకెట్టు 1,600 రూపాయల పైనే ఉండేది. 2006లో మన రాష్ట్ర ప్రభుత్వం కమిషన్ దాకా వెళ్ళి పోట్లాడితే 750కి దిగింది. ఈ ధర సంగతి అందరికీ గుర్తుంది. ఆ ప్యాకెట్టుతో పాటు 120 గ్రాముల చిన్న పొట్లం ఇచ్చేవారు, అది ఎంతమందికి గుర్తుంది? అది బీటీ లేని పత్తి, చేను చుట్టూ వేయమని. మా తండాలో అది ఎవరూ వేయలేదు. పురుగు పట్టే పత్తిని కావాలని ఎవరు వేస్తారు అన్నారు. అనరా మరి, ఎందుకో చెప్పిన మనిషి లేడాయె.

ఎందుకంటే, బీటీని తట్టుకొనే గుణం పురుగులో అంతర్గత లక్షణం. అంటే తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి రెండూ వస్తేనే పురుగు బతుకుతుంది. చుట్టూ మామూలు పత్తి ఉంటే అక్కడ మామూలు పురుగులు బోలెడు బతికి ఉంటాయి. బీటీ చేలో తట్టుకొని బతికిన ఒకటీ అరా వాటితోనే జతకడతాయి. పుట్టే పిల్లలకు ఆ గుణం ఒకవైపు నుంచే వస్తుంది, బీటీ ఆకు తిని చస్తాయి. చుట్టూ మామూలు పత్తి లేకపోతే తట్టుకొన్నవి తట్టుకొన్నవాటితోనే కలుస్తాయి. 2010లో గుజరాత్‌లో గులాబీరంగు పురుగు మొదటి బీటీని తట్టుకున్నదని బయటపడింది, తరువాత రెండో బీటీని కూడా తట్టుకుంది. ఇప్పుడు మన వైపు కాయ చీల్చి చూస్తే లోపల ఆ గులాబీ పురుగే. రైతులు మామూలు పత్తి వేసి ఉంటే అంతా ఆగేదని నేను చెప్పటం లేదు, తప్పులు చాలామందివి ఉన్నాయి. కాని మన పదో తరగతి పాఠంలో ఉన్న ఒక్క ముక్క, అంతర్గత లక్షణం అన్న ముక్క, తండాలో చెప్పగలిగిన పిల్ల ఒక్కతె ఉంటే ఆ పొట్లం చెత్తకుప్పలో పడేది కాదు.

మన వాళ్ళకు శాస్త్రం ఎక్కదు అనే వాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళ కోసం ఇది. మన దేశవాళీ పత్తికి క్రోమోజోములు 26. అమెరికా పత్తికి 52. రెండూ కలిపితే కాయ పట్టటమే కష్టం, పట్టినా ఆ చెట్టుకు 39 వస్తాయి, జతలు కుదరవు, అది గొడ్డు చెట్టు. అమెరికా పత్తి అసలు పుట్టింది కూడా మన దేశవాళీ పత్తి వంశానికి, అమెరికాలోని అడవి పత్తికి పది పదిహేను లక్షల ఏళ్ళ నాడు జరిగిన కలయికలోనే, అప్పుడు క్రోమోజోములు వాటంతట అవే రెట్టింపయ్యాయి. ఇప్పుడు మనుషులు ఆ గొడ్డు చెట్టు క్రోమోజోములు రెట్టింపు చేయాలంటే కొల్చిసిన్ అనే మందు వాడతారు. ఆ మందు దేనిలో ఉంటుందో తెలుసా? అడవినాభి దుంపలో. ఎర్రగా మంటలాగా పువ్వు పూసే తీగ, అగ్నిశిఖ అని కూడా అంటారు. నల్లమల వైపు వాళ్ళు చూసే ఉంటారు. అది విషం, తాకి ఆడుకోకండి. ప్రయోగశాలలో మనుషులు గొప్పగా చెప్పుకొనే ఆ మందు మన అడవి తీగలోనే ఉంది.

క్రోమోజోముల పని చేసినవాళ్ళలో జానకి అమ్మాళ్ అనే ఆమె ఉంది. 1897లో కేరళలోని తలశ్శేరిలో పుట్టింది. 1931లో అమెరికాలో డాక్టరేట్ తీసుకొని వచ్చి, కోయంబత్తూరులో చెరకు మీద పనిచేసింది. ఆ రోజుల్లో అక్కడ ఆడవాళ్ళను, అందులోనూ ఆమె కులం వాళ్ళను ఎట్లా చూసేవాళ్ళో ఊహించుకోవచ్చు. 1945లో ప్రపంచంలోని సాగు మొక్కల క్రోమోజోముల లెక్కలన్నీ కలిపి డార్లింగ్టన్ గారితో కలిసి పుస్తకం వేసింది. ముసలితనంలో అడవి జాతుల వాళ్ళకు మొక్కల గురించి ఏం తెలుసో తిరిగి రాసుకుంది. మన లైబ్రరీలో ఆమె ఫొటో లేదు. ఉండాలి.

ఇక అభ్యంతరాలు. చిన్నపిల్లలు అల్లరి చేస్తారు, చేను తొక్కుతారు అని ఒక మేడం గారు అన్నారు. మేమూ తొక్కాం, ఎవరూ బయటపెట్టలేదు. బస్సు కిరాయి రెండోసారి ఎట్లా అన్నారు. గుంటూరు దాకా ఆర్టీసీ బస్సు ఉంది, అక్కడి నుంచి ఇంకో బస్సు ఉంది, మనం ఇంటికి పోయేటప్పుడు మూడు బస్సులు మారే పిల్లలమే. ఇంకొకరు, ఈ క్రాసింగ్ నేర్పితే పిల్లలు ఇంకా తొందరగా ఆ పనికే పోతారు అన్నారు. ఈ మాట మీద నేను రెండు రాత్రులు ఆలోచించాను. నేర్పకపోయినా పోతూనే ఉన్నారు. పోయిన వాళ్ళకు మొగ్గ గిల్లటం ఒక్కరోజులో వస్తుంది, దానికి మన బడి అక్కరలేదు. మన బడి నేర్పాల్సింది అట్టముక్క మీద రాయటం, మరుసటి ఏడు ఏమొచ్చిందో చూడటం. అది ఆ చేలల్లో ఎవరూ నేర్పరు.

కనుక వార్డెన్ మేడం గారికి, ప్రిన్సిపాల్ మేడం గారికి మా మనవి. నీళ్ళ ట్యాంకు వెనకాల చిక్కుడు పాదు ఎండిపోయిన జాగా ఉంది. మూడు సాళ్ళు చాలు. ఒక సాలు మామూలు ఆకు పత్తి, ఒక సాలు బెండాకు పత్తి, ఒక సాలు దేశవాళీ. దుకాణం ప్యాకెట్లు వద్దు, అవి ముందే హైబ్రిడ్లు, లెక్క తప్పుతుంది. లాం వాళ్ళను అడుగుదాం, ఉత్తరం నేను రాసి పెట్టాను, మేడం గారి సంతకం కావాలి. జూలైలో విత్తితే దసరా నాటికి మొగ్గ. మందు కొట్టే పని లేదు, పురుగు వస్తే అది కూడా రాసుకుంటాం. అట్టముక్కలకు స్టోరు రూములో ఉన్న పాత క్యాలెండర్లు సరిపోతాయి.

దసరా సెలవుల్లో నీళ్ళు ఎవరు పోస్తారు అన్నది ఒక్కటే తేలలేదు. వాచ్‌మన్ తాతను అడిగాను. పోస్తానన్నాడు గాని, మొగ్గలు రాలితే తన మీద చెప్పొద్దన్నాడు.